బూడిద బాట: ఊపిరి మీద ఒట్టు

"రంజాన్ దాకా రావాల్సిన పంచదార వదినా అది! మూటకి మూట ఎలా మాయమవుతుంది? రెక్కలొచ్చాయా?"

కరీమా వంటింటి మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. చుట్టూ డబ్బాలన్నీ మూతలు తీసి ఉన్నాయి. బియ్యం డబ్బా, పప్పు డబ్బా, ఆఖరికి పావురాలకి వేసే జొన్నల డబ్బా కూడా ఆమె వదల్లేదు. పంచదార ఎక్కడా లేదు. రేషన్ కార్డు మీద నెలనెలా తెచ్చి, కొంచెం కొంచెం మిగిల్చి, మూతి బిగించి మంచం కింద దాచిన మూట అది. అది ఉన్న చోట ఇప్పుడు దుమ్ములో గుండ్రటి అచ్చు మాత్రం మిగిలింది.

"నాకేం తెలుసు?" అంది ఇంతిసార్. ఆమె గడప మీద కూర్చుని కూతురి స్కూలు చొక్కాకి బొత్తం కుడుతోంది.

"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందమ్మా? వంటిల్లు నీది, తాళం నీది. మీ అన్న కొడుక్కి నిశ్చితార్థం అన్నావు మొన్న. నిశ్చితార్థమంటే షర్బత్. షర్బత్ అంటే పంచదార. లెక్క సరిపోయిందిగా?"

"ఈ ఇంట్లో అడుగుపెట్టాక మా అన్న ఇంటికి ఒక్క చెంచా మోసుకెళ్ళానేమో అత్తయ్యనే అడుగు."

ఇద్దరూ అటు తిరిగారు.

మామూలు రోజుల్లో అయితే హాగ్గా బహియ్యా ఈపాటికి గొడవ మధ్యలో పీట వేసుకుని కూర్చునేది. మక్కా వెళ్ళొచ్చి హాగ్గా అనిపించుకున్నాక తనకి కోపం తగ్గిందని ఆవిడే చెప్పుకుంటుంది గాని, నిజానికి తగ్గింది మోకాళ్ళ సత్తువే. కోడలి పుట్టింటి ప్రస్తావన వస్తే ఆవిడకి కడుపు నిండిపోతుంది. అలాంటిది ఇవాళ పొయ్యి పక్కన గోడకి ఆనుకుని, చేతిలో టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

"చెప్పమ్మా," అంది కరీమా. "మాట్లాడవేం?"

"నాకు తలనొప్పిగా ఉంది," అంది ఆవిడ.

కరీమాకి ఆ జవాబు నచ్చలేదు. మొగుడితో విడాకులయ్యి పుట్టింటికి తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఆమెకి తల్లి నోరే పెద్ద అండ. ఆ అండ ఇవాళ జారిపోయేసరికి ఇంకో రాయి వెతుక్కుంది.

"సరే, పంచదార సంగతి వదిలెయ్యి. పోయినవారం మా అన్నయ్య మొహం మీద ఏమన్నావో గుర్తుందా? 'నీ రోడ్డు మునిగిపోతే గాని మనకి ఈ ఊరి నుంచి విడుదల లేదు' అన్నావు. ఇప్పుడు నిజంగానే మునుగుతోంది. సంతోషమేనా?"

ఇంతిసార్ వేలికి సూది గుచ్చుకుంది.

ఆ మాట ఆమె అన్నది నిజమే. పోయినవారం కూతురు హనీన్ ఊపిరందక పెదాలు నీలంగా మారి, ఇన్‌హేలర్ కూడా పనిచెయ్యక, టుక్‌టుక్‌లో ఆస్పత్రికి మోసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు అంది. ఇస్మాయిలియాలో ఉద్యోగం ఇస్తామని మొగుడు వగ్దీకి కబురొచ్చింది. అక్కడ వీచేది ఎడారి గాలి, వరిగడ్డి పొగ ఉండదు. తను వేయిస్తున్న ఈ రోడ్డు పూర్తయ్యే దాకా కదలనన్నాడు అతను. ఆ బాధలో నోరు జారింది. పక్కిళ్ళ గోడలు పల్చన, ఆ మాట మర్నాటికల్లా కఫ్ర్ షాహీన్ ఊరంతా తిరిగింది.

"కోపంలో అన్న మాట పట్టుకుని ఎన్నాళ్ళు సాధిస్తావు కరీమా?"

ఆమె జవాబు చెప్పేలోపే వీధి తలుపు చప్పుడయ్యింది. వగ్దీ గొంతు సవరించుకున్నాడు. కరీమా గబగబా డబ్బాలకి మూతలు పెట్టేసింది. ఇంటి గొడవ మగవాళ్ళ చెవిన పడకూడదన్న ఒక్క విషయంలో ఆ ముగ్గురు ఆడవాళ్ళకీ ఎప్పుడూ తేడా రాలేదు.

"నేను పక్కింటి నుంచి ఒక గ్లాసుడు అప్పు తెస్తా," అని గొణిగి, కరీమా పెరటి దారిన వెళ్ళిపోయింది.

*

వగ్దీ బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చాడు. మోకాళ్ళ దాకా మట్టి, కనురెప్పల మీద బూడిద. తల్లి పక్కన నేలమీదే కూలబడ్డాడు.

ఇంతిసార్ టీ ఇచ్చింది. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"పంచదార ఏది?"

"అయిపోయింది," అంది ఇంతిసార్. "రేషన్ దుకాణానికి ఇంకా రాలేదట."

చిన్న అబద్ధం. ఆడపడుచుని కాపాడ్డానికో, ఇంటి పరువు కోసమో, తనకే సరిగ్గా తెలీదు. మొగుడు తలనొప్పితో ఉన్నప్పుడు ఏ ఇల్లాలైనా ఆడే అబద్ధం. ఆ క్షణాన అది అబద్ధమని కూడా ఆమెకి అనిపించలేదు.

"పోనీలే. నా బతుకే చేదుగా ఉంది, టీ ఎంత," అన్నాడు వగ్దీ. రొట్టె తుంచి, తినకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. "అమ్మా, నాకు అర్థం కావట్లేదు. మిల్లు నుంచి మన గుమ్మం దాకా రెండోరోజు వేసిన ముక్క రాయిలా ఉంది. గునపం వేస్తే గునపమే వంగుతోంది. మసీదు నుంచి మిల్లు దాకా మొదటిరోజు వేసిన ముక్క ఉంది చూశావా, హల్వా! చెంచాతో తవ్వుకోవచ్చు. అదే బూడిద. అదే సిమెంటు. అదే కాలవగట్టు మట్టి. అదే మనుషులు."

"కన్ను పడింది నాయనా," అంది తల్లి.

"కన్ను పడితే రోడ్డంతా పడుతుంది గాని సగానికే పడుతుందా?" వగ్దీ నవ్వబోయి మానేశాడు. "రేపు పొద్దున్న రోడ్డుని పరీక్షించే కమిటీ వస్తోంది. వాళ్ళు చూసేది రాయిలాంటి ముక్కని కాదు, హల్వా ముక్కని. గడ్డి బూడిదతో రోడ్డు నిలవదని రాసేసి వెళ్ళిపోతారు. వాళ్ళ కారు ఊరు దాటేలోపు రైతులు చేలల్లో అగ్గిపుల్లలు గీస్తారు."

అది బెదిరింపు కాదు, జరగబోయేదే. కోతలయిపోయాయి. చేలల్లో ఎక్కడి గడ్డి అక్కడే కుప్పలుగా పడి ఉంది. ఏటా ఈ రోజులకి దాన్ని అక్కడే తగలబెట్టి, పొగ కాస్త తగ్గగానే పశుగ్రాసం విత్తనాలు చల్లుతారు. ఈ ఏడు వగ్దీ ఇంటింటికీ తిరిగి, గడ్డం పట్టుకుని ఆపాడు. మీ గడ్డిని ఇటుకబట్టీలో మూసి కాలుస్తాను, పొగ రాదు, ఆ బూడిద సిమెంటులో సగం పని చేస్తుంది, అది మన ఊరి రోడ్డవుతుంది అన్నాడు. రైతులు నమ్మినట్టు తలలూపి, అగ్గిపెట్టెలు జేబుల్లోనే ఉంచుకున్నారు.

పక్కగదిలోంచి హనీన్ దగ్గు వినిపించింది. ముగ్గురూ ఒక్కసారి ఊపిరి బిగపట్టి, ఆ దగ్గు ఆగాక మళ్ళీ కదిలారు.

"ఆ రోడ్డు ముక్క ఎలా ఉందో తెలుసా ఇంతిసార్?" వగ్దీ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. "తాపీవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళకి పడకపోతే కలిపిన సిమెంటులో పంచదార పడేస్తారు. గుప్పెడు చాలు, ఇక అది గట్టిపడదు. అచ్చం అలాగే ఉంది. కాని రోడ్డులో పంచదార ఎవడు పోస్తాడు? పిచ్చివాడు కూడా టీలోనే వేసుకుంటాడు."

ఈసారి నిజంగానే నవ్వాడు. తనతోపాటు ఎవరూ నవ్వలేదని గమనించకుండానే లేచి, మొహం కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

ఇంతిసార్ అత్తగారి చేతిలో గ్లాసు వైపు చూసింది. నాలుగు చెంచాలు వేస్తే గాని టీ గొంతు దిగని మనిషి. వారం బట్టి డాక్టరు వద్దన్నాడంటూ ఉత్త టీ తాగుతోంది. ఏ డాక్టరు? ఎప్పుడు వెళ్ళింది?

గ్లాసు పక్కకి ఒరిగిపోయింది. టీ ఒలికి ఆవిడ నల్లటి గలాబియా అంగీ మీద పడుతున్నా చూసుకోవట్లేదు.

*

హాగ్గా బహియ్యాకి ఏదైనా దాచాలనిపిస్తే మేడ మీదికి వెళ్తుంది. అక్కడ పావురాల గూళ్ళు, ఎండిన చిదుగులు, ఆవిడ మాట వినే ముసలి పిల్లి ఉంటాయి. మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ కూర్చుని ఎక్కింది. వెనకే ఇంతిసార్ వచ్చి మేడ తలుపు చేరవేసింది.

"ఏంటే, నన్ను బంధిస్తున్నావా?"

"అత్తయ్యా, పంచదార ఏం చేశారు?"

ఆవిడ పావురాల వైపు తిరిగి గింజలు చల్లింది. డబ్బా ఖాళీ అయ్యే దాకా చల్లుతూనే ఉంది.

"చెప్తాను," అంది చివరికి. "ముందు నువ్వు ఒట్టు వెయ్యి."

"ఏమని?"

"నేను పంచదార గురించి చెప్పేది నీ నోటి నుంచి బయటికి రాదని. నా కొడుక్కి అసలు తెలీకూడదు."

"సరే, ఒట్టు."

"అలా గాలిలో కాదు. హనీన్ ఊపిరి మీద."

ఇంతిసార్ వెనక్కి తగ్గింది. "పిల్ల మీద వద్దత్తయ్యా. నా మీద వేస్తాను, మా అమ్మ సమాధి మీద వేస్తాను."

"పిల్ల మీద వేస్తేనే చెప్తాను. లేదా కిందికి పో, నీ అనుమానం నీ దగ్గరే పెట్టుకో."

ఆ ముసలావిడ మొండితనం ఇంతిసార్‌కి కొత్త కాదు. ఒట్టు వెయ్యకపోతే రేపు కమిటీ వచ్చి వెళ్ళిపోయినా నోరు విప్పదు. విషయం తెలిస్తే ఏదో ఒక దారి దొరుకుతుంది కదా అనుకుంది. అక్కడే పొరపాటు పడింది పాపం.

"హనీన్ ఊపిరి మీద ఒట్టు. మీ పంచదార సంగతి నా నోటితో ఎవరికీ చెప్పను."

హాగ్గా బహియ్యా చిదుగుల మోపు మీద కూర్చుంది. మొహంలో బరువు దిగినట్టయ్యింది.

"వాడు పుట్టిన ఏడోనాడు ఊరంతటికీ షర్బత్ పోశానే. సున్తీకి పోశాను. కాలేజీ పాసయితే పోశాను. నీ పెళ్ళికి ఎంత పోశానో నీకే తెలుసు. ఈ ఇంటికి పునాది తీసిన రోజు మీ మామయ్య చూడకుండా అడుసులో ఓ చెంబుడు పోశాను. నలభై ఏళ్ళయింది, గోడ ఎక్కడైనా బీటిచ్చిందా? వాడి మొదటి రోడ్డు. నీళ్ళ ట్యాంకరు మన గుమ్మం ముందే పెట్టాడు. ఊళ్ళో సగం మంది ఆ బూడిదని చూసి నవ్వుతున్నారు. ఆ రాళ్ళ లారీల దుసూకీ కళ్ళు చూశావుగా, అవి పడితే పచ్చటి చెట్టు ఎండిపోతుంది. వాడి దారి తియ్యగా ఉండాలని, తెల్లారే నమాజుకి లేచినప్పుడు మూట విప్పి..."

"ట్యాంకరులో పోసేశారా?"

"బిస్మిల్లా అనే పోశాను."

ఇంతిసార్ తల పట్టుకుంది. ఏడవాలో నవ్వాలో ఆమెకి తెలియలేదు. "ఇందాక ఆయన అన్నది విన్నారు కదా. ఆ తీపే దాన్ని పాడు చేసింది. అడుసు వేరు, సిమెంటు వేరత్తయ్యా."

"విన్నాను. అప్పట్నుంచీ నా గుండె దాని చోట లేదు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "తీపి పాడు చేస్తుందని నాకెవరు చెప్పారే? పుట్టి బుద్ధెరిగాక ఎక్కడైనా విన్నానా?"

"అయితే మీరే వెళ్ళి చెప్పండి. మీ కొడుకే కదా, ఏమంటాడు?"

"వాడేమీ అనడు. అందుకే చెప్పలేను." గొంతు మళ్ళీ గట్టిపడింది. "రేపు కమిటీ ముందు మా అమ్మ పంచదార పోసిందని చెప్పాలి కదా వాడు? ఇక వాడి పేరేముంటుంది ఈ ఊళ్ళో? పంచదార ఇంజనీరు. పెళ్ళిళ్ళలో పాటలు కడతారు. దుసూకీ అయితే నేను చచ్చాక నా జనాజా వెనక కూడా నవ్వుతాడు. వద్దు. రోడ్డు పోతే ఇంకోటి వస్తుంది."

"రోడ్డు పోతే చేలు తగలబెడతారత్తయ్యా! హనీన్ ఈ పొగకి..."

మాట మధ్యలో ఆగిపోయింది. అప్పుడు ఆమెకి తను చేసిన పని పూర్తిగా అర్థమయ్యింది. నోరు మూసుకుంటే పొగ వచ్చి పిల్ల ఊపిరి తీస్తుంది. నోరు తెరిస్తే ఆ ఊపిరి మీదే వేసిన ఒట్టు తెగుతుంది. ఎటు తిరిగినా పిల్లే. ఇంతిసార్ చదువుకున్నదే, ఒట్లు తెగితే ఏమీ కాదని పదిమందికి చెప్పగలదు. కాని వాళ్ళెవరూ పోయినవారం టుక్‌టుక్‌లో ఆ నీలం పెదాలని ఒళ్ళో పెట్టుకుని కూర్చోలేదు.

"నా ఒట్టు నాకు తిరిగిచ్చెయ్యండి," అంది.

హాగ్గా బహియ్యా పిల్లిని ఒళ్ళోకి తీసుకుంది. "నేను బతికుండగా ఇవ్వను," అంది.

*

మధ్యాహ్నం నమాజు అయ్యాక ముందు గది నిండిపోయింది. హాగ్ దుసూకీ చాప మీద కాకుండా వాకిట్లోంచి కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. వెనక నలుగురైదుగురు రైతులు. ఆయన లారీలు ఎడారి కొండల నుంచి కంకర మోస్తాయి. రోడ్డులో బూడిద కలిస్తే కంకర తగ్గుతుంది, ఆ సంగతి ఆయన ఎప్పుడూ పైకి అనడు. ఎప్పుడూ ఊరి మేలు గురించే మాట్లాడతాడు.

ఇంతిసార్ తలుపు వెనక టీ ట్రే పట్టుకుని నిలబడింది. కరీమాకి గ్లాసుడు అప్పు దొరకలేదు, తెచ్చిన గుప్పెడు పంచదార రెండు గ్లాసులకి కూడా చాలలేదు.

"అబ్బాయ్ ఇంజనీరూ," అన్నాడు దుసూకీ. "మీ నాన్న నాకు అన్నలాంటివాడు, అందుకని మనసులో పెట్టుకోకుండా అంటున్నా. మా ఆవిడ పొయ్యిలో బూడిద రోజూ పెంటలో పారేస్తుంది. నువ్వు దాన్ని దారికి పూశావు. తేడా ఏంటి?"

ఒకరిద్దరు నవ్వారు.

"సగం రోడ్డు రాయిలా ఉంది హాగ్. మీ లారీయే దాని మీద తిరుగుతోంది," అన్నాడు వగ్దీ.

"మిగతా సగంలో నా గాడిద దిగబడింది. దాని సంగతి చెప్పు." దుసూకీ టీ అందుకుని ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాడు. "మీ ఇంట్లో పంచదారకి కూడా కరువొచ్చిందా? పోనీ, నేను పంపిస్తాలే."

తలుపు వెనక ఇంతిసార్ ట్రే నేలమీద పెట్టేసింది.

ముసలి రైతు ఒకడు గొంతు విప్పాడు. "నాయనా వగ్దీ, నీ మీద కోపం లేదు. పొలం తడుపు ఆరిపోతోంది. ఇంకో రెండు రోజులు ఆగితే విత్తనం మొలవదు. రేపు కమిటీ కాదంటే మాత్రం నేను ఆగలేను. నాకూ మనవలున్నారు, వాళ్ళూ దగ్గుతారు. కాని గేదె కూడా తినాలి కదా."

వగ్దీ జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. తర్వాత తలెత్తి, "ఒక్క మాట ఒప్పుకోండి. కమిటీ పెద్దతో మీరు వచ్చే ముందే ఫోనులో మాట్లాడాను. రేపు వాళ్ళ కళ్ళముందే, మా గుమ్మం పక్కనే, చాపంత ముక్క కొత్తగా వేస్తాను. అదే బూడిద, అదే సిమెంటు. వాళ్ళ మనిషి కాపలా ఉంటాడు. అది మర్నాటికి గట్టిపడిందా, రోడ్డు ఉంటుంది. లేదా, నేనే వచ్చి మీ చేలో మొదటి అగ్గిపుల్ల గీస్తాను," అన్నాడు.

ఇంతిసార్ తలుపుకి చెవి ఆనించింది. కొత్త ముక్క! కొత్త నీళ్ళు! అందులో పంచదార లేదు, అది తప్పకుండా గట్టిపడుతుంది. ఒట్టు తెగదు, పొగ రాదు. అల్లా తలుచుకుంటే ఎంత మూసిన గదికైనా ఒక కిటికీ పెడతాడు అనుకుంది. గోడకి తల ఆనించి, శబ్దం రాకుండా ఏడ్చింది.

సాయంత్రం హనీన్ తల దువ్వుతుంటే హాగ్గా బహియ్యా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముందు గదిలో మాటలన్నీ ఆవిడా విన్నది.

"కోడలా, ఒకటడుగుతాను. కూరలో తీపి ఎక్కువైతే ఏం చేస్తావు?"

"ఏముంది అత్తయ్యా, ఇంత ఉప్పు వేస్తే సరిపోతుంది," అంది ఇంతిసార్, పిల్ల జడ అల్లుతూ. ఆ పూట ఆమె మనసు తేలిగ్గా ఉంది. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందని ఆలోచించనే లేదు.

*

పొద్దున్న కమిటీ కారు వచ్చేసరికి గుమ్మం ముందు ఊరు సగం చేరింది. చాపంత చోటు తవ్వి, చదును చేసి ఉంచారు. ఒక పక్క బూడిద కుప్ప, ఒక పక్క సిమెంటు బస్తా, గోడవారగా రాత్రే నింపి పెట్టిన నీళ్ళ పీపా. బూడిదకి, సిమెంటుకి కమిటీ మనిషి తెల్లవారుజాము నుంచీ కాపలా ఉన్నాడు. నీళ్ళకి కాపలా ఎందుకని ఎవరికీ తోచలేదు.

ఇంతిసార్ వచ్చినవాళ్ళకి ఫలహారం సర్దుతోంది. ఉడికిన బాకలా చిక్కుడు గింజలు, రొట్టె, ఊరవేసిన టర్నిప్ ముక్కలు. ముక్కలు చప్పగా అనిపించాయి. ఇంకాస్త ఉప్పు వేద్దామని మూల ఉన్న పెద్ద జాడీ మూత తీసింది. జున్నుకీ ఊరగాయలకీ ఏడాదికి సరిపడా కల్లుప్పు పోసి ఉంచే జాడీ అది.

అడుగు కనిపిస్తోంది.

ఇంతిసార్ వెనక్కి తిరిగింది. హాగ్గా బహియ్యా పొయ్యి ముందు కూర్చుని చేతులు కాచుకుంటోంది. గలాబియా చేతులు మోచేతి దాకా తడిసి, తెల్లటి చారలు కట్టి ఉన్నాయి.

"అత్తయ్యా... ఉప్పు?"

"ష్." ఆవిడ ధైర్యం చెబుతున్నట్టు నవ్వింది. "ట్యాంకరు కారింది ఇక్కడే, కిందంతా నా తీపే కదే ఉంది. నువ్వే చెప్పావుగా, ఉప్పు వేస్తే సరిపోతుందని. బిస్మిల్లా అని బాగా కలిపాను. ఇక భయం లేదు."

ఉప్పు సిమెంటుని ఏం చేస్తుందో ఇంతిసార్‌కి తెలీదు. గట్టిపరుస్తుందో, కరిగిస్తుందో, ఏమీ చెయ్యదో. తెలుసుకోడానికి వ్యవధి లేదు. బయట పార చప్పుడు, వగ్దీ గొంతు, "ఇక నీళ్ళు పొయ్యండి" అంటోంది.

తల మీద గుడ్డ సరిగ్గా సర్దుకోకుండానే ఆమె వీధిలోకి పరిగెత్తింది.

"ఆగండి! ఆ నీళ్ళు పొయ్యొద్దు!"

బకెట్టు ఎత్తిన మనిషి అలాగే నిలబడిపోయాడు. ఊరు ఊరంతా ఆమె వైపు తిరిగింది. వగ్దీ మొహం ముందు తెల్లబోయి, తర్వాత ఎర్రబడింది.

"ఇంతిసార్, లోపలికి వెళ్ళు."

"ఆ నీళ్ళు మార్చు. నీ కాళ్ళు పట్టుకుంటాను, మార్చు."

"ఎందుకు?"

ఇంతిసార్ పీపా వైపు చూసింది. తను ఒట్టు వేసింది పంచదార మీద, ఉప్పు మీద కాదు. కాని ఉప్పు ఎందుకంటే పంచదార అని చెప్పాలి. ఒక మాట లాగితే రెండోది దాని వెంటే వస్తుంది. ఆమె పీపాలో చేతులు ముంచి, దోసెడు నీళ్ళు మొగుడి నోటి దగ్గర పెట్టింది.

"రుచి చూడు," అంది.

వగ్దీ తాగి, ఉమ్మేశాడు.

"ఉప్పు," అన్నాడు.

కమిటీ పెద్ద ముందుకొచ్చి, తనూ వేలు ముంచి నాకి చూశాడు. దుసూకీ కుర్చీలోంచి లేచాడు. "అదేంటి ఇంజనీరూ, మీ ఇంటి పీపాలో, మీ గుమ్మంలో! ఎవరు వేశారో ఇంట్లోవాళ్ళకి తెలిసినట్టే ఉందే?"

గోడ పక్కనుంచి కరీమా గొంతు వచ్చింది. అందులో కక్ష లేదు, నిజంగా భయపడిన మనిషి గొంతు అది.

"అన్నయ్యా... మంచం కింద పంచదార మూట కూడా కనపడట్లేదు. రోడ్డు మొదలయ్యే ముందు చూశాను, ఆ తర్వాత లేదు."

వగ్దీ నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు. అతని కళ్ళలో ఒక్కొక్క సంగతీ వచ్చి చేరడం ఇంతిసార్‌కి కనిపిస్తూనే ఉంది. హల్వాలా మారిన రోడ్డు. పంచదార లేని టీ.

"రేషన్ దుకాణానికి రాలేదన్నావు."

"వగ్దీ..."

"రోడ్డు మునిగితే గాని విడుదల లేదన్నావు." అతను అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇస్మాయిలియా కోసమా? అడిగితే రేపే తీసుకెళ్ళేవాణ్ణి కదా. చెప్పు. పంచదార కూడా నువ్వేనా?"

చిన్న తలకాయ ఒకటి కిటికీ ఊచల మధ్యలోంచి ఇటే చూస్తోంది. హనీన్, నిన్న అల్లిన జడ భుజం మీద వేసుకుని, చేతిలో ఇన్‌హేలర్‌తో.

ఇంతిసార్ కూతురి వైపు చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది.

గుమ్మంలో హాగ్గా బహియ్యా నిలబడి ఉంది. కొడుకుని చూసింది, ఊరిని చూసింది, దుసూకీని చూసింది. పెదాలు కదిలాయి. మాట వస్తుందనుకుంది ఇంతిసార్. ప్రాణమంతా ఆ పెదాల మీద పెట్టి ఎదురుచూసింది.

ముసలావిడ శాలువా ముందుకి లాక్కుని, తడిచేతులు రెండూ లోపల దాచుకుంది.